వెనక సీటు తీసి పెద్ద పెట్రోల్ ట్యాంకు పెట్టొచ్చా?

ప్రశ్న: నాది 2012 మోడల్ పెట్రోల్ జిప్సీ. గుట్టల్లో, వాగుల్లో తిప్పడానికి తయారు చేయించుకుంటున్నాను. వచ్చే ఏడాది లేహ్ వెళ్లాలని ఉంది. కంపెనీ ట్యాంకు 40 లీటర్లే. వెనక సీటు తీసేసి 90 లీటర్ల అల్యూమినియం ట్యాంకు పెడతానని నల్గొండలో ఒక ఫ్యాబ్రికేటర్ అంటున్నాడు. ‘ఆర్సీలో ట్యాంకు ఎన్ని లీటర్లో రాసి ఉండదు, ఎవరూ అడగరు’ అని ధైర్యం చెప్తున్నాడు. నిజమేనా?
- ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: మీ ఫ్యాబ్రికేటర్ చెప్పింది సగం నిజం. ఆర్సీలో ట్యాంకు సైజు ఉండదు. కానీ సీట్లెన్నో ఉంటుంది, ఖాళీ బండి బరువు ఉంటుంది. వెనక సీటు తీసిన రోజే మొదటిది తప్పయిపోతుంది. కొత్త ట్యాంకు, దాన్ని నిలబెట్టే ఇనుప ఫ్రేము ఎక్కాక రెండోదీ మారుతుంది.

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 చెప్పేది ఇదే. తయారీదారు ఇచ్చిన వివరాలకు ఆర్సీలోని వివరాలు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టంలో చేర్చిన సెక్షన్ 182ఏ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ‘ఒక్కో మార్పుకు’ అన్న మాట గమనించండి. మీరు ట్యాంకు గురించే అడిగారు గానీ, ఇలాంటి బండికి పెద్ద టైర్లు, ఎత్తు పెంచే కిట్టు కూడా పడే ఉంటాయని నా అనుమానం.

సీటు కదపకుండా, పాత ట్యాంకు ఉన్నచోటే కొంచెం పెద్దది పెడితే? అది బండి మూల స్వరూపాన్ని మార్చే మార్పు కాదని వాదించే వీలుంది. కానీ ఆ వాదన మీ బండి మీద ప్రయోగం చేయమని నేను చెప్పను. 15 ఏళ్లకు ఆర్సీ రెన్యువల్‌కు వెళ్లినప్పుడు ఇన్‌స్పెక్టర్ బండి చూస్తాడు. మీకు ఆ గడువు దగ్గర్లోనే ఉంది. పాత ట్యాంకు తుప్పు పట్టి మార్చాల్సి వస్తే, అదే మోడల్‌కు కంపెనీ ఇచ్చే ట్యాంకు వేయించి బిల్లు దాచుకోండి. దానికి ఏ ఇబ్బందీ లేదు.

జరిమానా కన్నా నాకు భయం బీమా విషయంలో. పాలసీ ప్రపోజల్ ఫారంలో ఫైబర్‌గ్లాస్ ట్యాంకు ఉందా అని ప్రత్యేకంగా ఒక గడి ఉంటుంది. ట్యాంకు సంగతిని బీమా కంపెనీలు ఎంత పట్టించుకుంటాయో అక్కడే తెలుస్తుంది. చెప్పకుండా మార్చిన బండి కాలిపోతే క్లెయిమ్ తిరస్కరించడానికి వాళ్లకు మంచి కారణం దొరికినట్టే. పక్కన కూర్చున్న మీ స్నేహితుడికి కాలితే, పెట్రోలు అటూ ఇటూ ఎగిసిపడకుండా ఆపే లోపలి అడ్డు రేకులు లేని, బండి బోల్తా పడితే పెట్రోలు బయటికి రాకుండా ఆపే వాల్వు లేని ట్యాంకు ఎవరు పెట్టించారన్న ప్రశ్న క్రిమినల్ కేసు దాకా వెళ్తుంది. మండే పదార్థాల విషయంలో నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 287 ఉంది. ప్రాణం పోతే సెక్షన్ 106.

ఇక మీ అసలు అవసరానికి వద్దాం. మనాలీ–లేహ్ దారిలో తాండి బంకు దగ్గర ‘తర్వాతి బంకు 365 కిలోమీటర్లు’ అన్న బోర్డు చాలాకాలం పేరుమోసింది. లోడుతో మీ బండి లీటరుకు 10 ఇస్తుందనుకుంటే 40 లీటర్లకు 400. ఘాట్లలో అంత రాదు, కాబట్టి మీ టెన్షన్ అర్థం చేసుకోదగ్గదే. అయితే దానికి 90 లీటర్లు ఎందుకు? 20 లీటర్ల ఇనుప క్యాన్ ఒకటి చాలు.

దానికి చట్టమే దారి ఇచ్చింది. పెట్రోలియం చట్టం, 1934లోని సెక్షన్ 8 ప్రకారం, అమ్మకానికి కాకపోతే 30 లీటర్ల వరకు పెట్రోలుకు లైసెన్సు అక్కర్లేదు. ఒక్కో లోహపు డబ్బా 25 లీటర్లు మించకూడదు, మూత బిగుతుగా ఉండాలి. బండి యజమానికి సెక్షన్ 9 ఇంకా వెసులుబాటు ఇస్తుంది. ట్యాంకులో ఉన్నది కాక, తన బండికే వాడుకునేందుకు 100 లీటర్ల వరకు ఉంచుకోవచ్చు. కానీ 30 దాటితే మనుషులుండే గదులతో సంబంధం లేని విడిచోట దాచాలని షరతు. అంటే ఆ వంద లీటర్ల వెసులుబాటు మీ షెడ్డుకు పనికొస్తుంది గానీ, మీ సీటు వెనక్కి కాదు. బండిలో 30 లోపే ఉంచండి. కొన్ని బంకుల్లో క్యాన్‌లో పొయ్యరు, వాళ్లతో గొడవ పడకండి. ప్లాస్టిక్ డబ్బా అయితే అడగనే వద్దు.

ఒకవేళ ఇది రోడ్డెక్కని, పోటీలకే వాడే బండి అనుకుంటే లెక్క వేరు. అక్కడ నిర్వాహకుల నియమాలు చూడాలి. అంతర్జాతీయ పోటీల్లో ఎఫ్‌ఐఏ (ప్రపంచ మోటారు పోటీల సంస్థ) వారి ఎఫ్‌టీ3 ప్రమాణం ఉన్న, లోపల ఫోము నింపిన రబ్బరు సంచి ట్యాంకులు వాడతారు. వాటికీ మామూలుగా కాలపరిమితి 5 ఏళ్లే. ఆ బండిని పోటీ జరిగే చోటికి లారీ మీద తీసుకెళ్లాలి. దేవరకొండ నుంచి నడుపుకుంటూ వెళ్తానంటే మళ్లీ సెక్షన్ 52 దగ్గరికే వస్తాం.

ఫ్యాబ్రికేటర్‌కు అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటే, ఆ డబ్బుతో క్యాన్ కదలకుండా నిలబెట్టి పట్టీలతో కట్టే స్టాండు చేయించుకోండి. గాలి ఆడేచోట ఉండాలి, వెనక బంపర్‌కు మాత్రం వద్దు. వెనక నుంచి ఏ లారీ తగిలినా మొదటి దెబ్బ దానికే.