బెలెం టవర్: పైకెక్కే ముందు ఖడ్గమృగాన్ని చూడండి

పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో ఒక్కరోజే ఉంటాం, అమ్మానాన్నలూ వెంట ఉన్నారు, నది ఒడ్డున ఉన్న పాత కోట బెలెం టవర్ లోపలికి వెళ్ళాలా, బయటి నుంచి చూస్తే చాలా అని అడిగారు. మోకాళ్ళ నొప్పులుంటే పైకి ఎక్కించకండి.

మేమూ పెద్దవాళ్ళతోనే వెళ్ళాం. పైకి ఒక్కటే మెట్లదారి, గుండ్రంగా తిరుగుతూ చాలా ఇరుకుగా ఉంటుంది. ఎదురుపడితే తప్పుకునే చోటు లేదు. అందుకే ఎక్కేవాళ్ళకోసారి, దిగేవాళ్ళకోసారి సిగ్నల్ ఇస్తారు. సగం ఎక్కేసరికి నాన్నకు ఆయాసం వచ్చింది. వెనక జనం, ఆగే వీల్లేదు. నాకు ఒకటే టెన్షన్. అమ్మ మాత్రం కింద ఫిరంగుల గదిలోనే హాయిగా కూర్చుంది. అక్కడి కన్నాలు నీటికి కొంచెం ఎత్తులోనే ఉంటాయి, గుండు సూటిగా ఓడ పక్కకు తగిలేలా. వాటిలోంచి తేజో నది చూడటం నాకు పైనుంచి చూసినదానికన్నా నచ్చింది.

అసలు చూడాల్సింది బయట ఉంది. వాయవ్య మూల చిన్న బురుజు అడుగున ఒక ఖడ్గమృగం తల చెక్కి ఉంటుంది. బాగా అరిగిపోయింది, వెతికితేగానీ కనిపించదు. గుజరాత్ సుల్తాన్ ముజఫర్ షా ఇచ్చిన ఖడ్గమృగాన్ని గోవా నుంచి పోర్చుగీసు గవర్నర్ అల్బుకెర్క్ తన రాజు మాన్యుయెల్‌కి పంపాడు. 1515 మేలో అది లిస్బన్‌లో దిగింది. అప్పటికి ఈ టవర్ కడుతూనే ఉన్నారు. తర్వాత రాజు ఆ ఖడ్గమృగాన్ని పోప్‌కి కానుకగా పంపితే ఇటలీ తీరం దగ్గర ఓడ మునిగి చనిపోయింది. మాది గుంటూరు వైపు. శ్రీకృష్ణదేవరాయలు కొండవీడు గెలిచింది కూడా 1515లోనే అని చెబితే, అమ్మ ఆ అరిగిన రాతి వంక చాలాసేపు చూస్తూ నిలబడిపోయింది.

వాస్కో డ గామా ఇక్కణ్ణుంచే బయల్దేరాడని చాలామంది అనుకుంటారు. బెలెం తీరం నుంచే వెళ్ళాడు, కానీ 1497లో ఈ టవర్ లేదు. ఆయన సమాధి దగ్గర్లోని జెరోనిముష్ మఠంలో ఉంది. నడిచే వెళ్ళొచ్చు, పెద్దవాళ్ళకు మెట్ల బాధ లేదు.

ఊళ్ళోంచి 15ఈ ట్రామ్ ఎక్కండి. 2025లో మరమ్మతుల కోసం టవర్ మూశారు, తెరిచారో లేదో ముందే చూసుకోండి. మూసి ఉన్నా ఖడ్గమృగం కోసం ఒడ్డు దాకా వెళ్ళండి.