డాష్‌బోర్డులో కనిపించే సొమ్ము చేతికి రానప్పుడు

ప్రశ్న: విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఇంటి నుంచే ఏటికొప్పాక లక్కబొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. మామూలు నెలల్లో లక్షన్నర రూపాయల అమ్మకం ఉంటుంది. ఈసారి సంక్రాంతి బొమ్మల కొలువు కోసం బొమ్మలతో పాటు అరకు కాఫీ పొడి, జీడిపప్పు కలిపి కానుక పెట్టెలు కూడా పెట్టడంతో మూడు వారాల్లోనే అమ్మకం నాలుగు లక్షలు దాటింది. అంతలో పేమెంట్ గేట్‌వే సంస్థ (కొనుగోలుదారుల ఆన్‌లైన్ చెల్లింపులు వసూలు చేసి నాకు పంపే సంస్థ) ‘మీ ఖాతా సమీక్షలో ఉంది’ అంటూ రూ.3,40,000 ఆపేసింది. 180 రోజుల వరకు పట్టవచ్చని మెయిల్ పంపింది. కరెంట్ ఖాతాలో రూ.62,000 మాత్రమే ఉన్నాయి. బొమ్మలు చేసినవారికి రూ.1,15,000 బాకీ ఉంది. రూ.2,50,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. దాన్ని రద్దు చేసుకోవాలా, యాప్‌లో అప్పు తీసుకోవాలా, డబ్బు వచ్చేదాకా ఆర్డర్లు పంపడం ఆపేయాలా? పోలీసులకు ఫిర్యాదు చేద్దామని మావారు అంటున్నారు.

జవాబు: ముందు మీరు అడిగిన వాటికి సూటిగా చెబుతాను. ఆర్డర్లు ఆపవద్దు. యాప్ అప్పు జోలికి వెళ్లవద్దు. డిపాజిట్‌ను రద్దు చేయకుండా దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ (డిపాజిట్‌ను హామీగా పెట్టి కావలసినంత వాడుకునే అప్పు) తీసుకోండి. పోలీసు ఫిర్యాదు ఈ దశలో మీ సొమ్మును విడిపించదు. గేట్‌వే సంస్థ మిమ్మల్ని మోసం చేసిందనడానికి ఇప్పటివరకు ఆధారం లేదు కనుక, ఇది పోలీసుల దగ్గర కంటే కాగితాల మీద తేలవలసిన వ్యవహారం.

సొమ్ము ఎవరి దగ్గర ఆగిందన్నది అన్నిటికంటే ముందు తేల్చుకోవాలి. ‘అకౌంట్ ఫ్రీజ్ అయింది’ అని అందరూ ఒకే మాట వాడతారు గానీ, గేట్‌వే సంస్థ సెటిల్‌మెంట్ (వసూలైన సొమ్మును మీ బ్యాంకు ఖాతాకు పంపడం) ఆపడం వేరు, మీ బ్యాంకు ఖాతాలోని సొమ్ముపై హోల్డ్ (తీయకుండా నిలుపుదల) పడటం వేరు. మీ మెయిల్‌ను బట్టి చూస్తే ఇది మొదటి రకం. కొనుగోలుదారులు చెల్లించిన సొమ్ము గేట్‌వే సంస్థ సొంత ఖాతాలో ఉండదు. రిజర్వు బ్యాంకు 17 మార్చి 2020న జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం దానిని షెడ్యూల్డు వాణిజ్య బ్యాంకులో ప్రత్యేకంగా తెరిచిన ఎస్క్రో ఖాతాలోనే (ఇతరుల సొమ్మును విడిగా భద్రపరిచే ఖాతా) ఉంచాలి, సంస్థ దానిని తన ఖర్చులకు వాడుకోరాదు. 15 సెప్టెంబరు 2025న వచ్చిన సమగ్ర ఆదేశాలు కూడా ఇదే దారిలో ఉన్నాయి. కాబట్టి మీ రూ.3,40,000 మాయమవుతుందన్న భయం పెట్టుకోనక్కర్లేదు. అయితే అది ఎప్పుడు వస్తుందో మీ చేతిలో లేదు కనుక, రాబోయే నెలల లెక్కల్లో దాన్ని లేనట్టే భావించి నడవాలి. నా వద్దకు వచ్చే చిరువ్యాపారుల్లో చాలామంది దెబ్బతినేది ఇక్కడే: గేట్‌వే డాష్‌బోర్డులో (ఖాతా వివరాలు చూపే తెరలో) కనిపించే అంకెను చేతిలోని రొక్కంతో కలిపి కూడి, ఆ మొత్తాన్ని బట్టి సరుకుకు మాట ఇచ్చేస్తారు.

సంస్థ ఎందుకు ఆపిందో కూడా వారి వైపు నుంచి చూడాలి. కార్డుతో కొన్నవారు సరుకు అందలేదనో, చెల్లింపు తాము చేసింది కాదనో బ్యాంకుకు చెప్పి సొమ్ము వెనక్కి అడిగితే దానిని చార్జ్‌బ్యాక్ అంటారు. వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనల్లో ఇందుకు చాలా సందర్భాల్లో 120 రోజుల వరకు గడువు ఉంటుంది. అప్పటికే సొమ్ము మీకు ఇచ్చేసి, మీరు తిరిగి కట్టలేని స్థితిలో ఉంటే ఆ నష్టం గేట్‌వే సంస్థ మీద పడుతుంది. వారు నాలుగు నుంచి ఆరు నెలల మాట చెప్పేది అందువల్లే. మీ విషయంలో రెండు మార్పులు ఒకేసారి జరిగాయి. అమ్మకం ఒక్కసారిగా పెరిగింది, పైగా హస్తకళా వస్తువులని నమోదైన ఖాతాలో ఆహార పదార్థాలు అమ్ముడయ్యాయి. సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతారని, జనవరి మొదటివారంలో లక్కబొమ్మలకు గిరాకీ పెరుగుతుందని మన విశాఖలో ఎవరికైనా తెలుసు. మరో ఊరిలో కూర్చుని లావాదేవీల పట్టిక మాత్రమే చూసే ఉద్యోగికి, అంతకంటే ముందు అతని కంప్యూటర్‌కు, ఆ సంగతి తెలియదు.

ఇక ఆర్డర్ల సంగతి. డబ్బు ఆగిందని సరుకు ఆపితే, పండక్కి బొమ్మ అందని కొనుగోలుదారు చార్జ్‌బ్యాక్ పెడతారు. అలాంటివి నాలుగైదు పడితే సంస్థ అనుమానం నిజమైనట్టే లెక్క, ఆ తరువాత ఏ ఉత్తరం రాసినా ఫలితం ఉండదు. అందువల్ల చేతిలో ఉన్న సొమ్ములో మొదటి రూపాయి కొరియర్‌కే వెళ్లాలి. పెట్టె మూసేముందు బొమ్మను, దాని పక్కన ఆర్డరు నంబరు రాసిన చీటీని కలిపి ఒక ఫొటో తీయండి. లక్క పూత దెబ్బ తగిలితే పెచ్చు లేస్తుంది గనుక, బొంగరం మొన దగ్గరా కుంకుమభరిణె మూత అంచు దగ్గరా కాస్త దగ్గర నుంచి మరో ఫొటో ఉంటే, విరిగిన సరుకు పంపారన్న వివాదం వచ్చినప్పుడు అదే మీ సాక్ష్యం. పండగలోపు చేరదని తెలిసిన ఆర్డరు ఉంటే కొనుగోలుదారుకు ముందే ఫోన్ చేసి, వద్దన్నవారికి ఆగిన సొమ్ములోంచే రీఫండ్ ఇవ్వమని గేట్‌వే సంస్థకు రాతపూర్వకంగా చెప్పండి. దానికి జీఎస్టీ క్రెడిట్ నోటు (ఆ ఇన్‌వాయిస్ మొత్తం తగ్గిందని చూపే పత్రం) ఇవ్వడం మరచిపోవద్దు.

తరువాత రాయవలసింది ఉత్తరం. చాట్‌లో పదిసార్లు ‘దయచేసి విడుదల చేయండి’ అని అడగడం వల్ల కాలం గడవడమే తప్ప ఏమీ జరగదు. సంస్థ వెబ్‌సైటులో నోడల్ అధికారి లేదా ఫిర్యాదుల అధికారి వివరాలు ఉంటాయి. వారికి మెయిల్‌లో రాయండి. ఏ ఒప్పంద నిబంధన కింద సొమ్ము ఆపారు, ఏయే లావాదేవీల మీద అనుమానం ఉంది, ఏ పత్రాలు ఇస్తే సమీక్ష ముగుస్తుంది, అనుమానం లేని మిగతా మొత్తాన్ని ఎప్పుడు విడుదల చేస్తారు అన్న ప్రశ్నలను విడివిడిగా అడగండి. దానితో పాటు ఒక పట్టిక జతచేయండి. అందులో ఒక్కో వరుసలో చెల్లింపు గుర్తింపు సంఖ్య, ఇన్‌వాయిస్ నంబరు, కొరియర్ ట్రాకింగ్ నంబరు, సరుకు అందిన తేదీ ఉండాలి. గత సంక్రాంతి అమ్మకాల జీఎస్టీ రిటర్ను ఉంటే జతపరచండి. ఈ పెరుగుదల ఏటా వచ్చేదేనని చెప్పడానికి అంతకంటే మంచి ఆధారం ఉండదు.

మీ సరుకు విషయంలో రెండు పత్రాలు ప్రత్యేకంగా సిద్ధం చేసుకోవాలి. కాఫీ పొడి, జీడిపప్పు అమ్మినందుకు ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నమోదు సంఖ్య అడుగుతారు. అది లేకపోతే ఆ పెట్టెలను వెంటనే సైటు నుంచి తీసివేసి, ఆ విషయం ఉత్తరంలో నిజాయతీగా చెప్పండి. దాచడం వల్ల బొమ్మల సొమ్ము కూడా ఇరుక్కుంటుంది. బొమ్మలకు 1 జనవరి 2021 నుంచి బీఐఎస్ గుర్తు (ప్రభుత్వ నాణ్యతా ప్రమాణాల ముద్ర) తప్పనిసరి అయినా, హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు తయారుచేసి అమ్మే బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉన్న ఉత్పత్తుల నమోదిత యజమానులు, అధీకృత వినియోగదారులు తయారుచేసి అమ్మే వాటికి మినహాయింపు ఉంది. ఏటికొప్పాక బొమ్మలకు ఆ గుర్తింపు 2017లో వచ్చింది. ఆ మినహాయింపు తయారుచేసినవారి పేరు మీద ఉంటుంది గనుక, వారి నమోదు కార్డు ప్రతి, వారిచ్చిన కొనుగోలు బిల్లు మీ దగ్గర లేకపోతే మీరు దాన్ని చూపించలేరు. ఈ వంకతోనైనా ఒకసారి ఏటికొప్పాక వెళ్లి రండి. బాకీ ఆలస్యమవుతున్నదన్న సంగతి ఫోన్‌లో కంటే ఎదురుగా చెబితే బాగుంటుంది.

మీ ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల పోర్టల్ సీఎంఎస్‌లో నమోదు చేయవచ్చు. దీనికి రుసుము లేదు, సందేహాలకు 14448 నంబరు ఉంది. అంబుడ్స్‌మన్ (ఇలాంటి ఫిర్యాదులను విచారించే రిజర్వు బ్యాంకు అధికారి) పరిధిలోకి రాని ఫిర్యాదులను రిజర్వు బ్యాంకులోని సంబంధిత విభాగానికి పంపిస్తారు. నోడల్ అధికారికి మీరు మొదట రాసిన మెయిల్ తేదీ నుంచే ఆ 30 రోజుల లెక్క మొదలవుతుంది కనుక, ఆ మెయిల్‌ను ఈ వారమే పంపండి.

ఇప్పుడు రొక్కం లెక్క చూద్దాం. మీరు విడిగా పంపిన వివరాల ప్రకారం ఈ నెల కొరియర్‌కు రూ.18,000, ప్యాకింగ్ చేసే ఇద్దరి జీతాలు రూ.24,000, గోదాం అద్దె రూ.9,000, జీఎస్టీ రూ.14,000, కళాకారులకు రూ.1,15,000. మొత్తం రూ.1,80,000. చేతిలో రూ.62,000 ఉన్నాయి కాబట్టి లోటు రూ.1,18,000. డిపాజిట్ మీద రూ.1,20,000 ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకుంటే సరిపోతుంది. బ్యాంకులు సాధారణంగా డిపాజిట్ వడ్డీ కంటే ఒకటి రెండు శాతం ఎక్కువకు దీన్ని ఇస్తాయి. 9 శాతం అనుకున్నా మూడు నెలలకు వడ్డీ రూ.2,700 అవుతుంది, వాడుకున్నంత మొత్తానికి, వాడుకున్నన్ని రోజులకే కట్టాలి. అదే మొత్తం యాప్‌లో నెలకు 3 శాతానికి తీసుకుంటే మూడు నెలలకు రూ.10,800, ప్రాసెసింగ్ రుసుము అదనం. కొన్ని గేట్‌వే సంస్థలు ఇచ్చే వ్యాపార రుణాల వాయిదాలు రోజువారీ సెటిల్‌మెంట్ నుంచే మినహాయించుకుంటారు. సెటిల్‌మెంటే ఆగినప్పుడు అలాంటి అప్పు తీసుకోవడం కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

కళాకారులకు మొత్తం ఒకేసారి ఇవ్వలేకపోతే సగం ఇప్పుడు, సగం తేదీ చెప్పి ఇవ్వండి. వారు ఉద్యమ్‌లో (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు పోర్టల్) నమోదైన ఉత్పత్తిదారులైతే, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటితే ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చక్రవడ్డీ కట్టవలసి వస్తుంది. చట్టం సంగతి అలా ఉంచినా, పండగ ముందు చేతి పని చేసేవారి సొమ్ము ఆపి డిపాజిట్‌ను కాపాడుకోవడం నాకు సమంజసంగా తోచదు.

జీఎస్టీ విషయంలో చాలామంది పొరబడతారు. సొమ్ము గేట్‌వేలో ఆగినా, ఇన్‌వాయిస్ వేసిన అమ్మకానికి పన్ను గడువులోగా కట్టవలసిందే. ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం వడ్డీ. మీరు త్రైమాసిక విధానంలో ఉన్నానని రాశారు గనుక అక్టోబరు - డిసెంబరు రిటర్నుకు ఆంధ్రప్రదేశ్‌లో గడువు జనవరి 22. పై లెక్కలోని రూ.14,000 దీనికే. జనవరి అమ్మకాల పన్నుకు చలాను ఫిబ్రవరి 25 లోగా కడితే చాలు, కాబట్టి నెలకు పైగా వెసులుబాటు ఉంది.

ఈలోగా చేయకూడని పని ఒకటుంది. తోడికోడలు పేరు మీదో, తమ్ముడి పేరు మీదో కొత్త గేట్‌వే ఖాతా తెరిచి అదే సైటుకు తగిలించాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. ఒకరి వ్యాపారానికి మరొకరి కేవైసీ (గుర్తింపు పత్రాలు) వాడినట్టు తేలితే రెండు ఖాతాలూ మూతపడతాయి. దానికి బదులు మీ సొంత కరెంట్ ఖాతాకు బ్యాంకు ఇచ్చే యూపీఐ క్యూఆర్ తీసుకోండి. ఆ సొమ్ము గేట్‌వేలో ఆగకుండా నేరుగా ఖాతాలో పడుతుంది, యూపీఐ చెల్లింపులకు జనవరి 2020 నుంచి వ్యాపారి రుసుము కూడా లేదు. స్థానిక కొనుగోలుదారులకు, పాత కొనుగోలుదారులకు ఇది చాలు. కార్డు చెల్లింపుల కోసం రిజర్వు బ్యాంకు అనుమతి పొందిన మరో సంస్థలో మీ పేరు మీదే, ఈసారి ఆహార పదార్థాలను కూడా స్పష్టంగా పేర్కొని, దరఖాస్తు చేయండి. జనవరి 31, 2024న పేటీఎం పేమెంట్స్ బ్యాంకుపై రిజర్వు బ్యాంకు ఆంక్షలు ప్రకటించినప్పుడు, సెటిల్‌మెంట్ మొత్తాన్ని ఆ ఒక్క ఖాతాకే కట్టిపెట్టుకున్న దుకాణదారులు మార్చి 15 లోగా వేరే బ్యాంకుకు మారడానికి హడావుడి పడ్డారు. రెండో ఖాతా ముందే ఉన్నవారికి ఆ అవస్థ తప్పింది.

ఒకవేళ రేపు మీ బ్యాంకు ఖాతాలోనే హోల్డ్ పడితే దారి వేరు. మీకు చెల్లించిన సొమ్ము ఎక్కడో సైబర్ మోసంలో పోయినదని 1930 హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు వెళ్తే, ఆ గొలుసులోని ఖాతాలన్నిటి మీదా హోల్డ్ పెడతారు. మీ ఊళ్లో కాక వేరే రాష్ట్రంలోని స్టేషన్ నుంచి కూడా ఉత్తర్వు రావచ్చు. అప్పుడు బ్యాంకు నుంచి ఫిర్యాదు నంబరు, స్టేషన్ పేరు, వివాదంలో ఉన్న మొత్తం రాతపూర్వకంగా తీసుకుని, ఆ అమ్మకానికి సంబంధించిన ఇన్‌వాయిస్, కొరియర్ రసీదు దర్యాప్తు అధికారికి పంపాలి. ఖాతా మొత్తం కాకుండా వివాదంలోని మొత్తాన్నే ఆపాలని అడగవచ్చు, కేరళ హైకోర్టు 2023లో ఇదే దిశగా తీర్పు ఇచ్చింది. భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని సెక్షన్ 106 కింద జప్తు చేసిన పోలీసులు ఆ విషయాన్ని మేజిస్ట్రేటుకు నివేదించాలి. అక్కడ విడుదలకు దరఖాస్తు చేసుకోవడానికి న్యాయవాది సాయం అవసరమవుతుంది.

గేట్‌వే సంస్థ మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా అని కూడా మీ ఉత్తరం చివర అడిగారు. వ్యాపార అవసరానికి సేవ తీసుకున్నవారిని చట్టం వినియోగదారులుగా చూడదు, కానీ కేవలం స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే తీసుకున్నట్టయితే మినహాయింపు ఉంది. మీరు ఇద్దరికి జీతాలిస్తున్నారు గనుక అవతలివారు ఆ విషయం మీద వాదిస్తారు. అదీగాక చాలా ఒప్పందాల్లో ఆర్బిట్రేషన్ (కోర్టుకు బదులు మధ్యవర్తి తీర్పు) నిబంధన, వివాదం తేల్చే చోటుగా దూరపు నగరం పేరు ఉంటాయి. రూ.3,40,000 కోసం ఆ దారి పట్టేముందు, సీఎంఎస్ ఫిర్యాదు ఫలితం చూసి, ఒప్పందం ప్రతితో ద్వారకానగర్‌లోనో మరెక్కడో మీకు తెలిసిన న్యాయవాదిని ఒకసారి కలవండి. సొమ్ము విడుదలైన రోజున ముందు ఓవర్‌డ్రాఫ్ట్ తీర్చేసి, మిగిలినదాంట్లోంచి ఒక నెల ఖర్చుకు సరిపడా, అంటే కళాకారుల బాకీ తీసేస్తే మీకు సుమారు రూ.65,000, వేరే బ్యాంకులో ఖాతా తెరిచి పక్కన పెట్టండి.