కేదార్‌కంఠ ట్రెక్‌కి ఆడవాళ్ళు ఎలాంటి బట్టలు తీసుకెళ్ళాలి?

డిసెంబరులో కేదార్‌కంఠ వెళ్తున్నాను, జీన్స్, కాటన్ కుర్తీలు, ఒక ఉన్ని స్వెటర్ ఉన్నాయి, సరిపోతాయా అని అడిగారు. సరిపోవు. స్వెటర్ పర్వాలేదు గానీ జీన్స్, కాటన్ బట్టలు ఇంట్లోనే వదిలేయండి.

ఉత్తరాఖండ్‌లోని ఈ శిఖరం ఎత్తు దాదాపు 12,500 అడుగులు. ఎక్కేటప్పుడు అంత చలిలోనూ చెమట పడుతుంది. కాటన్ దాన్ని పీల్చుకుని ఓ పట్టాన ఆరదు. కాసేపు ఆగితే చాలు, ఆ తడి ఒంట్లో వేడిని లాగేస్తుంది. చాలామంది పట్టించుకోనిది లోపలి బట్టల సంగతి. పైన ఎంత ఖరీదైన జాకెట్ వేసినా, లోపల కాటన్ బ్రా తడిసి అంటుకుని ఉంటే వణుకు తగ్గదు. పాలిస్టర్ స్పోర్ట్స్ బ్రాలు రెండు మూడు పెట్టుకోండి. క్యాంపుకి చేరగానే, ఒళ్ళు చల్లబడకముందే పొడిది మార్చుకోండి.

దాని మీద ఒంటికి అతుక్కునే థర్మల్, ఆపైన ఫ్లీస్ (మెత్తటి, వెచ్చటి సింథటిక్ స్వెటర్ లాంటిది), అన్నిటి పైన గాలి చొరబడని జాకెట్. ప్యాంటు కొనేటప్పుడు షాపులోనే గొంతుకూర్చుని లేచి చూడండి. మగవాళ్ళ కొలతలవి చాలామందికి తుంటి దగ్గర పట్టేసి, నడుము దగ్గర వదులుగా ఉంటాయి. టాయిలెట్ టెంట్‌లో గడ్డకట్టిన వేళ్ళతో బటన్లు విప్పడం నరకం, ఎలాస్టిక్ నడుమే మేలు.

పీరియడ్స్ గురించి టెన్షన్ వద్దు. డేట్ దగ్గర్లో లేకపోయినా ప్యాడ్లు పెట్టుకోండి. వాడినవి మంచులో పాతిపెట్టకండి, ఎండాకాలం అవన్నీ బయటపడతాయి. జిప్ కవర్లో వేసి కింద ట్రెక్ మొదలయ్యే సాంక్రీ ఊరి దాకా తెచ్చేయండి.