క్యాజువాల్టీ రిజిస్టర్‌లో ఊరి పేరు రాయించు

చిన్నీకి పెద్దమ్మ ఆశీస్సులు.

ఎమ్మెస్సీ నర్సింగ్ థీసిస్‌కి టాపిక్ కుదరక టెన్షన్ పడుతున్నావని, గైడ్‌గారేమో ‘స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్ ప్రభావం’ మీద చెయ్యమంటున్నారని మీ అమ్మ చెప్పింది. ఆ రకం థీసిస్‌లు కాలేజీ లైబ్రరీల్లో బీరువాల నిండా ఉన్నాయి. ముందు కొన్ని ప్రశ్నలు, మధ్యలో గంట పాఠం, తర్వాత మళ్లీ అవే ప్రశ్నలు. పాఠం విన్నాక మార్కులు పెరిగాయని తేలుతుంది. పెరక్కపోతే కదా వింత! నువ్వు పనిచేసేది కోనసీమలో, అందులోనూ క్యాజువాల్టీలో. జ్వరాల మీద చెయ్యి. ఏ ఊళ్లో జ్వరాలు పెరుగుతున్నాయో అందరికంటే ముందు తెలిసేది ఆ బల్ల దగ్గరున్న సిస్టర్‌కే. తెలిసింది కాగితం మీదికి ఎక్కదు, అంతే.

ఏ రోగం ఎక్కడ పెరుగుతోందో కనిపెట్టే ప్రభుత్వ కార్యక్రమం ఐడీఎస్‌పీ మన దేశంలో 2004లో మొదలైంది. ఏఎన్ఎంలది ఎస్ ఫారం, డాక్టర్లది పి ఫారం, ల్యాబ్‌ది ఎల్ ఫారం. సోమవారం నుంచి ఆదివారం దాకా వారం లెక్క. 2021లో ఐహెచ్‌ఐపీ అనే పోర్టల్ వచ్చి అదంతా ఆన్‌లైన్‌కి మారింది. ఏ పద్ధతైనా ఆసుపత్రి లెక్కకి మొదలు మన రిజిస్టరే. పగటి ఓపీ బాగానే ఎక్కుతుంది. రాత్రి రెండింటికి వచ్చి, సెలైన్ పెట్టించుకుని, తెల్లారకుండానే వెళ్లిపోయిన మనిషి మాత్రం ఎందులోనూ పడడు. నీ ప్రశ్న అక్కడ పెట్టుకో. రాత్రి కేసులు కూడా కలిపితే జ్వరాల పెరుగుదల ఎన్ని రోజుల ముందు కనపడుతుంది?

పాత రిజిస్టర్ ఒకటి తెరిచి చూడు. ‘జ్వరం, అమలాపురం, కూలీ’ అని ఉంటుంది. మూడూ పనికిరాని మాటలే. అమలాపురం వాళ్ల బంధువుల ఊరో, కార్డులో ఉన్న ఊరో అయ్యుంటుంది. మనిషి మాత్రం ఏ లంకలోనో, రొయ్యల చెరువు గట్టు మీద కాపలా పాకలోనో పడుకుంటున్నాడు. వరదలప్పుడైతే పునరావాస కేంద్రంలో. ‘మీదే ఊరు’ అని కాదు, ‘ఈ పది రోజులూ ఎక్కడ పడుకున్నారు’ అని అడగాలి. కూలీ అంటే ఏ కూలీ? నాట్లకి దిగిందా, చెరువు పనా, కొబ్బరి దింపా? చెప్పుల్లేకుండా నీళ్లల్లో పని చేసి, పిక్కలు పట్టుకుని లాగేస్తున్నాయి అంటూ కళ్లు ఎర్రబడి వచ్చినవాడిని చూస్తే లెప్టోస్పైరోసిస్, అదే ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల వచ్చే జ్వరం, గుర్తుకు రావాలి. ఇక జ్వరం ఎన్నో రోజు అన్నది తప్పనిసరి. డెంగీకి మొదటి అయిదు రోజుల్లో ఎన్ఎస్1 రక్తపరీక్ష, ఆ తర్వాత ఐజీఎం ఎలైజా పరీక్ష. రోజు రాయకుండా పంపిన శాంపిల్‌కి నెగటివ్ వస్తే దాన్ని ఏమని నమ్ముతాం?

కొన్ని నర్సు మాత్రమే చూడగలిగేవి ఉన్నాయి. నల్లిలాంటి చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరంలో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. అది చంకలోనో, గజ్జల్లోనో, రొమ్ము కిందో ఉంటుంది. నొప్పి ఉండదు కాబట్టి వచ్చిన ఆడమనిషి తనంతట చెప్పదు. తెర అడ్డం వేసి నువ్వే వెతకాలి. డెంగీ పేషెంట్ ‘జ్వరం తగ్గిందండీ, ఇంటికి పోతాం’ అన్నప్పుడే అసలు జాగ్రత్త. బీపీ 100/84 ఉంటే పై అంకె చూసి బాగుందనుకుంటారు. రెండింటికీ తేడా 16. ఆ తేడా 20కి దిగిందంటే షాక్ మొదలైనట్టే, పరుగెత్తు. వరద తర్వాత బియ్యం కడుగు నీళ్లలాంటి విరేచనాలతో వస్తే మలం శాంపిల్ యాంటీబయాటిక్ పడకముందే తియ్యాలి. సెలైన్ మాత్రం శాంపిల్ కోసం ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. పరిశోధన ఎంత గొప్పదైనా మనిషి తర్వాతే.

రిజిస్టర్‌లో రోగం పేరు రాయడానికి తొందరపడకు. కనపడింది రాయి. 2020 డిసెంబర్‌లో ఏలూరులో ఏం జరిగింది? జనం ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయారు. 500 మందికి పైనే. అందరి అనుమానం ముందు నీళ్ల మీదికి పోయింది. తర్వాత రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది, పురుగుమందుల మాటా వచ్చింది. అలాంటప్పుడు మొదటి రోజు రాసిన ‘మూర్ఛ, జ్వరం లేదు, ఫలానా వీధి, ఫలానా టైము’ అన్న నాలుగు ముక్కలే తర్వాత వచ్చే నిపుణులకి ఆధారం. ‘ఫిట్స్’ అని గీసి వదిలేస్తే వాళ్లూ చీకట్లో వెతుక్కోవాల్సిందే.

లెక్కల్లో ఒక మెలిక ఉంది. వంద కేసుల్లో జ్వరాలెన్ని అని మాత్రమే చూశావంటే సంక్రాంతికి జ్వరాలు తగ్గినట్టు కనపడతాయి. తగ్గవు. ఆ మూడు రోజులూ కోడికత్తి దెబ్బలు, బైకు యాక్సిడెంట్లు క్యాజువాల్టీని నింపేస్తాయి, జ్వరాల వాటా చిన్నదైపోతుంది. సంఖ్య, శాతం రెండూ వెయ్యి. ఈ సంగతి స్టాటిస్టిక్స్ సార్‌కి తెలియదు, ఆయన బరికి వెళ్లి ఉండడు!

ఇక అసలు కష్టం నీ తోటి సిస్టర్స్‌తో. నైట్‌లో ఇద్దరే ఉంటారు. నీ థీసిస్ కోసం పన్నెండు గళ్లు గీసిచ్చావనుకో, డ్యూటీ దిగేముందు కూర్చుని అన్నీ ఒకేసారి నింపేస్తారు. వరసగా అందరి టెంపరేచర్లూ 100 అని కనపడితే థర్మామీటర్ బయటకు రాలేదని అర్థం. వాళ్లని తిట్టకు, గళ్లు తగ్గించు. పడుకున్న ఊరు, చేసే పని, జ్వరం ఎన్నో రోజు, ఒంటి మీద గుర్తు. నాలుగు చాలు. హెడ్ నర్సుగారితో మాట్లాడి హ్యాండోవర్‌లోనే ‘ఈ రాత్రి ఒకే ఊరి నుంచి ఇద్దరు ముగ్గురు వచ్చారా’ అని ఒక్క ప్రశ్న అలవాటు చేయించు. వచ్చారంటే పొద్దున్నే పీహెచ్‌సీకి ఫోన్ వెళ్లాలి. అలా ఫోన్ చేసిన సిస్టర్‌ని ‘అనవసరంగా భయపెట్టావు’ అని ఎవరైనా అంటే ఇంకోసారి ఆ ప్రశ్న ఎవరూ అడగరు. సీజన్లో ఇద్దరు సీనియర్లకీ ఒకే నైట్ వెయ్యకుండా రోస్టర్ సర్దమని కూడా అడుగు. మర్యాదగా అడిగితే కాదనరు, రోస్టర్ వేసేవాళ్లకీ అవే తలనొప్పులు.

ఎథిక్స్ కమిటీ అనుమతి, సూపరింటెండెంట్‌గారి సంతకం లేకుండా ఒక్క పేజీ కూడా ఫోన్‌లో ఫొటో తియ్యకు. నీ షీట్‌లో పేర్లు వద్దు, నంబర్లు వేసుకో. చిన్న లంకలో ‘ముప్పై ఏళ్ల కొబ్బరి దింపు కార్మికుడు’ అంటే చాలు, ఎవరో అందరికీ తెలిసిపోతుంది. అందుకని అచ్చులో మండలం వరకే చెప్పు.

సినాప్సిస్ గైడ్‌గారికి ఇచ్చేముందు నాకు వాట్సాప్‌లో పెట్టు. కొత్త కళ్లజోడు వచ్చింది, చిన్న అక్షరాలైనా చదువుతాను.

మీ పెద్దమ్మ