నోటు మీద బొమ్మ ఎవరు డిసైడ్ చేస్తారు?

ప్రశ్న: నోట్ల మీద ఎప్పుడూ గాంధీగారేనా? మన ఎన్టీఆర్ బొమ్మతో 100 రూపాయల నాణెం వచ్చింది కదా, అలాగే నోటు మీద కూడా వేయొచ్చు కదండీ? అసలు ఇవన్నీ ఎవరు తేలుస్తారు?

జవాబు: ఆర్బీఐ చట్టం, 1934లో సెక్షన్ 25 అని ఉందండీ, దాని ప్రకారం రిజర్వ్ బ్యాంక్ సెంట్రల్ బోర్డు సిఫార్సు చేస్తుంది, కేంద్ర ప్రభుత్వం ఓకే చేస్తుంది, అంతే, జనాన్ని అడిగే పద్ధతి అందులో ఎక్కడా లేదు, నాకైతే అదే పెద్ద లోటనిపిస్తుంది. గాంధీగారు కూడా మొదట్నుంచీ లేరు. 1949లో వచ్చిన రూపాయి నోటు మీద అశోకుడి సింహాలే ఉన్నాయి, గాంధీగారి బొమ్మ 1969లో ఆయన శతజయంతికి వచ్చింది, తర్వాత 1987లో 500 నోటు మీదకొచ్చింది, 1996 సిరీస్ నుంచి ఇక స్థిరపడిపోయింది. ఆ నవ్వు ముఖం గీసింది కాదు, 1946లో తీసిన ఫొటోలోంచి తీసుకున్నదే.

ఎన్టీఆర్ నాణెం సంగతి వేరు. 2023లో శతజయంతికి రాష్ట్రపతి ముర్ముగారు రిలీజ్ చేసిన స్మారక నాణెం అది, దాచుకోడానికే గానీ కిరాణా కొట్లో ఇవ్వడానికి కాదు.

నన్నడిగితే ముందువైపు గాంధీగారిని అలాగే ఉంచి వెనకవైపు మార్చుకుంటూ పోవాలి. 50 మీద హంపి రథం, 100 మీద గుజరాత్‌లోని మెట్లబావి రాణీ కీ వావ్ ఉన్నాయి కదా, మన రామప్ప గుడికి ఏం తక్కువండీ?