సూర్యుడికి ఎల్‌సీ రాయలేం

కర్నూలు

నాయనా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. అమెరికా కంపెనీ బిల్లుల పని బెంగళూరు నుంచి మనీలాకు పోతోందంట. పోయేముందు ఎవరో వేసిన తప్పు ఎంట్రీ నీ మెడకు చుట్టినారంట. నువ్వు ఇక చాలనుకుని ఓర్వకల్లు పక్క సోలార్ పార్కులో పని చూసుకుంటానన్నావంట. చదువుకున్న పిల్లోడు స్పానర్ పట్టడమేందని ఆమె ఏడుపు. నాకు గర్వంగానే ఉంది. భయం కూడా ఉంది, అది చివర్లో చెప్తా.

ముందు ఆఫీసు సంగతి. కోపం మీద మెయిల్‌కు జవాబివ్వొద్దు. ఏ టైముకు ఎవరు ఏం చెప్పినారో, నువ్వేం చేసినావో ఈ రోజే వరసగా రాసి పెట్టుకో, వారం పోతే నీకే గుర్తుండదు. సంజాయిషీ అడిగితే కాగితం మీద అడగమను, రెండు రోజులు గడువు కోరు, అడిగినదానికే జవాబియ్యి. నీ చేతి తప్పు ఎంతుందో అంత ముందే ఒప్పుకో. అది దాచినావంటే మిగతా నిజాన్ని కూడా నమ్మరు. కంపెనీ ఫైళ్లు సొంత మెయిల్‌కు పంపుకోవద్దురా, అప్పుడు నిజంగానే నీ తప్పవుతుంది. రిలీవింగ్ లెటరు చేతికి రాకుండా బస్సెక్కొద్దు. జీతంలో కోసిన పన్ను కాగితం ఎప్పుడిస్తారో, పీఎఫ్‌లో మానేసిన తేదీ ఎప్పుడేస్తారో అడిగి పెట్టుకో.

ఇప్పుడు మా కరెంటు లైన్ల మీద ఎన్నేళ్లయినా మారని ఒక తప్పు చెప్తా, నిదానంగా చదువు.

11 కేవీ తీగ మీద చెయ్యి పెట్టాలంటే సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకోవాల, అంటే లైన్ క్లియర్, లైన్ ఆపినాం పని చేసుకో అనే అనుమతి. ఆపరేటర్ బ్రేకర్ ఆపి, లైన్‌ను విడదీసే ఏబీ స్విచ్ తెరిచి, ఎవరికి, ఏ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి పోయే లైన్) మీద, ఎన్ని గంటలకు ఇచ్చినాడో లాగ్ బుక్కులో రాసి నంబరు చెప్తాడు. తీసుకున్నోడు ఆ నంబరు రాసుకుంటాడు. పద్ధతి ఇంతే. చెడేది ఫోన్లో. "అన్నా, ఊరి లైన్ తీసెయ్, పది నిమిషాల పని" అంటాడు. ఊరికి ఇళ్ల ఫీడరు ఒకటి, మోటార్ల ఫీడరు ఒకటి. అడిగినోడి మనసులో మోటార్లది, విన్నోడి మనసులో ఇళ్లది. వీడు పేరు చెప్పలేదు, వాడు తిరిగి చెప్పి ఖాయం చేసుకోలేదు. టెస్టర్‌తో చూసి, పని చోటుకు రెండు పక్కలా తీగను భూమికి కలిపే ఎర్త్ రాడ్లు తగిలించే అలవాటుంటే తప్పు కిందనే బయటపడేది. పది నిమిషాలకు అవెందుకులే అని ఎక్కేస్తారు.

షాక్ కొట్టినాక విచారణ. బుక్కులో ఆ గంట ఖాళీ. "అడిగిందే ఆపినా" అంటాడు ఆపరేటర్. "నాకు చెప్పకుండా ఎక్కినాడు" అంటాడు పై ఆయన. రాత లేని చోట నింద నీళ్ల మాదిరి పల్లానికి పారుతుంది, అందరికంటే కిందుండే కాంట్రాక్టు పిల్లోడి కాడ నిలబడుతుంది.

మీ మేనేజరు కాల్లో "అది నువ్వు చూసెయ్" అన్నదీ ఇదే. కాల్ అయిన నిమిషంలో రెండు ముక్కలు పంపు: "11:40కి మీరు చెప్పినట్టు ఫలానా బిల్లు మారుస్తున్నాను. కాదంటే 3 లోపు చెప్పండి." అదే నీ ఎల్‌సీ నంబరు. కొత్త పనిలో కూడా ఈ అలవాటు వదలొద్దు.

నువ్వు చెప్పిన పార్కులో, గని, శకునాల అనే ఊర్ల కాడ 1000 మెగావాట్ల సోలార్ పలకలున్నాయి, 2017 నుంచి నడుస్తున్నాయి. వాటిని ఎత్తుకుని మనీలాకు ఎవడూ పోలేడు, నిజమే. అయితే నీకు కంప్యూటర్ వచ్చు కదా అని ఏసీ గదిలో స్కాడా (ప్లాంటంతా దూరం నుంచి చూపించే కంప్యూటర్) స్క్రీన్ ముందు కూర్చోబెడతామంటారు. ఆశపడొద్దు. స్క్రీన్ మీద కనపడేది ఏ ఊర్లో అయినా కనపడుతుంది. పలక కాడికి నడిచిపోయి చేసే పని అడుగు. చదివిన సర్టిఫికెట్టు లేకుండా పోతే గొట్టం చేతికిచ్చి పలకలు కడగమంటారు, దానికీ రోబోలు వస్తున్నాయి. ఐటీఐ ఎలక్ట్రీషియన్ 2 ఏళ్లు. నీ వయసుకు అదేం ఎక్కువ కాదు.

ఇక నా భయం. లైన్‌కు ఎల్‌సీ ఉంది, సూర్యుడికి లేదు. పలకల డీసీని (ఒకే దిక్కున పారే కరెంటును) ఇళ్లకొచ్చే ఏసీగా మార్చే ఇన్వర్టర్ ఆపినా, ఎండ ఉన్నంతసేపు స్ట్రింగ్‌లో, అంటే వరసగా కలిపిన పలకల్లో, 1000 వోల్టులు, కొన్నిచోట్ల 1500 దాకా డీసీ ఉంటుంది. కనెక్షన్ విడదీసేటప్పుడు లేచే ఏసీ కరెంటు మంట సెకనుకు వందసార్లు సున్నాకొచ్చి ఆరే అవకాశముంటుంది. డీసీ సున్నాకు రాదు, లోడ్ మీద కనెక్టర్ పీకితే మంట సాగుతానే ఉంటుంది. అందుకని ముందు ఇన్వర్టర్ ఆపు. తర్వాత స్ట్రింగులన్నీ వచ్చి కలిసే కంబైనర్ బాక్సులో డీసీ ఐసొలేటర్ (విడదీసే స్విచ్) తెరువు. తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పెట్టి కరెంటు సున్నా అని కంటితో చూడు. ఆ తర్వాతే ఫ్యూజు, ఆ తర్వాతే కనెక్టర్. కొత్త కనెక్టర్ వేసేటప్పుడు ఒక కంపెనీ ముక్కకు ఇంకో కంపెనీ ముక్క జోడించొద్దు. దూరినట్టే ఉంటుంది, లోపల పట్టు చాలక వేడెక్కి కరిగిపోతుంది. వేలికి ఉంగరం, చేతికి కడియం ఉంటే ఇంట్లోనే తీసేసి పో.

నా క్లాంప్ మీటర్ నీకిద్దామని బీరువాలోంచి తీసినా. అది ఏసీ కరెంటు ఒక్కటే చూపిస్తుంది, డీసీ తీగకు పెడితే కరెంటున్నా సున్నా అంటుంది. అందుకే మళ్లీ లోపల పెట్టేసినా. నువ్వొచ్చినాక డీసీది ఒకటి కొందాం, డబ్బులు నేనిస్తా.

మీ పెద్దనాయన