ఆల్బమ్‌కు ఒకే ధర పెట్టాలా, అంచెలుగా పెట్టాలా?

చెన్నైలో ఉంటూ సొంతంగా తెలుగు పాటల ఆల్బమ్ తెస్తున్న మీరు, స్ట్రీమింగ్‌లో ఉచితంగా దొరికే పాటను డబ్బిచ్చి ఎవరు కొంటారని అడిగారు. వినడానికి మాత్రమే అయితే ఎక్కువమంది ఇవ్వరు. అయితే తాము అభిమానించే కళాకారుడి పనిని ఇంట్లో దాచుకోవడానికి ఇచ్చేవారు కొందరు తప్పక ఉంటారు, ధరలు వారిని దృష్టిలో పెట్టుకొని నిర్ణయించాలి.

నాకు తెలిసినంతలో దీనికి చక్కని ఉదాహరణ, అమెరికన్ బృందం నైన్ ఇంచ్ నెయిల్స్ 2008 మార్చిలో విడుదల చేసిన వాద్యసంగీత ఆల్బమ్. 36 ఖండికల్లో మొదటి 9 ఉచితంగా ఇచ్చి, మొత్తం డౌన్‌లోడ్‌కు 5 డాలర్లు, రెండు సీడీలకు 10, డీలక్స్ ప్రతికి 75, బృంద నాయకుడు ట్రెంట్ రెజ్నర్ సంతకంతో 2,500 మాత్రమే తయారుచేసిన పెట్టెకు 300 డాలర్లు పెట్టారు. ఆ పెట్టెలన్నీ కొద్ది రోజుల్లోనే అమ్ముడైపోయాయి. ఆ ఒక్క అంచె విలువే 7,50,000 డాలర్లు. డబ్బిచ్చి కొనే అన్ని అంచెల్లోనూ సంగీతం ఒకటేనని గమనించండి. పరిమితమని చెప్పిన సంఖ్యకు మాత్రం కట్టుబడి ఉండాలి, మళ్ళీ అచ్చువేస్తే మొదట కొన్నవారి నమ్మకం పోతుంది.

డిజిటల్ ప్రతికి, కళాకారులు తమ సంగీతాన్ని నేరుగా శ్రోతలకు అమ్ముకునే వెబ్‌సైటు బ్యాండ్‌క్యాంప్‌లో కనీస ధర పెట్టి, ఇష్టమైనవారు అంతకు మించి ఇచ్చే వీలు కల్పించవచ్చు.

తెలుగు రాకపోయినా త్యాగరాజ కృతులను ప్రాణంగా వినే శ్రోతలున్న నగరం మీది. కాబట్టి సాహిత్యాన్ని తెలుగు, తమిళ లిపుల్లో అర్థంతో సహా చిన్న పుస్తకంగా అచ్చువేసి, సీడీకి జతచేసి, డిసెంబరు కచేరీలప్పుడు సభ ద్వారం దగ్గరే సంతకం చేసి ఇవ్వండి. పాట చెవుల్లో మోగుతుండగా కొనేవారిలో చాలామంది, మర్నాడు లింకు పంపితే కొనరు.